కోపంలో తీర్పు చెప్పరాదు

 

ఎక్కడైనా ఒక ఘోరమైన అత్యాచారం జరిగిందన్న వార్త వెలువడిన వారంలో, జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. “ఇలాంటివాణ్ణి నడిబజారులో ఉరితీయాలి. షరీఅత్ చట్టమే ఉండి ఉంటే ఈపాటికి వాడి తల తెగి ఉండేది” అన్నది ఆ మాట. ఆ మాటలో ఆడబిడ్డలను కన్న తండ్రుల ఆవేదన ఉంది. దాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. మా ఇంట్లోనూ ఆడబిడ్డలున్నారు.

2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి. కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలు దారుణంగా హత్యాచారానికి గురైంది. నెల తిరగకముందే, సెప్టెంబరు 3న, పశ్చిమ బెంగాల్ శాసనసభ ‘అపరాజిత’ పేరుతో కఠినమైన బిల్లును ఆమోదించింది. ఆ వార్త వచ్చిన రోజుల్లో మా వద్ద హదీసు చదువుకునే ఒక విద్యార్థి పాఠం మధ్యలో ఇలా అడిగాడు: “హజ్రత్, మన ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి దిశ బిల్లు 2019లోనే వచ్చింది కదా. ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, మరణశిక్ష. ఇవి షరీఅత్‌కు దగ్గరైన చట్టాలే కదా. మరి మన పెద్దలు వీటిని మనస్ఫూర్తిగా ఎందుకు స్వాగతించరు?”

ఆ రోజు మా ముందు తెరిచి ఉన్నది సహీహ్ బుఖారీలోని తీర్పుల అధ్యాయం. సిజిస్తాన్‌లో న్యాయాధికారిగా ఉన్న తన కుమారునికి ప్రవక్త సహచరుడైన హజ్రత్ అబూబక్రా (రజి) రాసిన లేఖ అందులో ఉంది. కోపంగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తీర్పు చెప్పవద్దని కుమారుణ్ణి హెచ్చరిస్తూ, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అలా వారించగా తాను స్వయంగా విన్నానని ఆయన తెలిపారు. ఒక్క న్యాయమూర్తి ఒక్క వ్యాజ్యంలో కోపంతో తీర్పు చెప్పడమే నిషిద్ధమైనప్పుడు, ఒక రాష్ట్రమంతా కోపంతో ఊగిపోతున్న వారంలో రాబోయే వేలాది వ్యాజ్యాలకు వర్తించే శాసనం చేయడాన్ని ఏమనాలి? ఆ విద్యార్థికి మేము ఆ పూట క్లుప్తంగా చెప్పిన జవాబును ఇక్కడ వివరంగా పాఠకుల ముందుంచుతున్నాము.

బిల్లులో ఉన్నదేమిటి?

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలోని శంషాబాద్ వద్ద ఒక పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైన సంగతి పాఠకులకు విదితమే. ‘దిశ’ అన్నది అప్పుడు ఆమె గౌరవార్థం పెట్టిన మారుపేరు. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులైన నలుగురూ చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ తర్వాత సరిగ్గా వారానికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది.

ఆ బిల్లు ప్రకారం, నిర్ణయాత్మకమైన సాక్ష్యం తగినంత ఉన్న కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, మరో పద్నాలుగు పనిదినాల్లో విచారణ పూర్తి కావాలి. అప్పటికి అమలులో ఉన్న కేంద్ర చట్టం దర్యాప్తుకు రెండు నెలలు, విచారణకు రెండు నెలలు గడువు ఇస్తుండేది. అప్పీలు పరిష్కారానికి ఉన్న ఆరు నెలల గడువును బిల్లు మూడు నెలలకు కుదించింది. అత్యాచార నేరానికి మరణశిక్ష విధించే వీలు కల్పించింది. సామాజిక మాధ్యమాల ద్వారా స్త్రీలను వేధించడాన్ని, పిల్లలపై లైంగిక దాడులను ప్రత్యేక నేరాలుగా పేర్కొంది. దానికి తోడుగా వచ్చిన మరో బిల్లు ఒక్కో జిల్లాకు ఒక ప్రత్యేక న్యాయస్థానాన్ని ప్రతిపాదించింది. ఇందులో మంచి లేదని మేము అనము. ప్రత్యేక న్యాయస్థానాల ఆలోచన మెచ్చదగినది. డిజిటల్ వేధింపులను నేరంగా గుర్తించడమూ అవసరమే.

అయినా ఆ బిల్లు చట్టం కాలేదు. క్రిమినల్ చట్టాలు మన రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఆ అంశాలపై కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టాలు చేయవచ్చు. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం ఏదైనా నిబంధన చేస్తే, 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం పొందిన తర్వాతనే అది ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. దిశ బిల్లుకు ఆ ఆమోదం లభించలేదు. మహారాష్ట్ర శాసనసభ 2021 డిసెంబరులో ఆమోదించిన ‘శక్తి’ బిల్లు కూడా అమలులోకి రాలేదు. బెంగాల్ బిల్లునూ గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకే పంపారు. ప్రజల కోపం పొంగినప్పుడు సభలో బిల్లు పుడుతుంది, చప్పట్లు మోగుతాయి, తర్వాత అది ఢిల్లీలోని ఒక బల్లపై ఆగిపోతుంది. ఈలోగా మరో ఊరిలో మరో బిడ్డ కన్నీరు కారుస్తుంది.

బిల్లులోని ఒక మాటపై పాఠకులు దృష్టి నిలపాలని కోరుతున్నాము. నిర్ణయాత్మక సాక్ష్యం ఉన్న కేసుల్లోనే ఇరవై ఒక్క రోజుల గడువు వర్తిస్తుందన్నారు. సాక్ష్యం నిర్ణయాత్మకమో కాదో తేల్చడానికే కదా విచారణ జరిగేది! విచారణ మొదలు కాకముందే ఆ సంగతి తేల్చేది ఎవరు? దర్యాప్తు చేసిన పోలీసు అధికారే. అంటే న్యాయమూర్తి చేయవలసిన పనిలో సగం ఠాణాలోనే ముగిసిపోతుందన్నమాట.

మదీనాలో జరిగిన సంఘటన

షరీఅత్ ఉంటే వెంటనే తల తెగేదని అనుకునే సోదరులకు ఒక సంఘటన చెప్పదలచుకున్నాము. దీన్ని హజ్రత్ వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖించగా తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాలు నమోదు చేశాయి. దీని వివరాలపై హదీసు పండితుల మధ్య చర్చ ఉన్నప్పటికీ, ఇందులోని పాఠం ఎంతో లోతైనది.

దైవప్రవక్త (స) కాలంలో ఒక స్త్రీ నమాజు కోసం ఇంటి నుంచి బయలుదేరింది. దారిలో ఒకడు ఆమెను లోబరచుకుని అఘాయిత్యానికి పాల్పడ్డాడు. ఆమె కేకలు వేయగా వాడు పారిపోయాడు. అంతలో మరొక వ్యక్తి అటుగా వచ్చాడు. తనపై దాడి చేసింది ఇతడేనని ఆమె భావించింది. అక్కడికి చేరిన ముహాజిరీన్లకు అతణ్ణి చూపించింది. వారు అతణ్ణి పట్టుకున్నారు. ఆమె కూడా, అవును ఇతడే అని గుర్తించింది. అతణ్ణి దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. అతనికి శిక్ష ఖరారవుతున్న క్షణంలో జనంలోంచి అసలు నేరస్తుడు లేచి నిలబడి, ఆ పని చేసింది తానని ఒప్పుకున్నాడు. ప్రవక్త (స) ఆ స్త్రీతో, అల్లాహ్ నిన్ను క్షమించాడు, వెళ్లమని చెప్పారు. నిందకు గురైన వ్యక్తిని మంచి మాటలతో ఊరడించారు.

ఈ సంఘటనలో ఎవరు అబద్ధమాడారు? ఎవరూ ఆడలేదు. ఆ స్త్రీ బాధితురాలు, భయంలో పొరబడింది. అందుకు ఆమెను ఎవరూ నిందించలేదు, శిక్షించలేదు. పట్టుకున్నవారు ప్రవక్త (స) సహచరులు, ధర్మాత్ములు. విచారించినది సాక్షాత్తు దైవప్రవక్త (స). అయినప్పటికీ ఒక నిరపరాధి శిక్ష అంచుల వరకు వెళ్లాడు. అతణ్ణి కాపాడింది అసలు నేరస్తుని గుండెల్లో మిగిలి ఉన్న దైవభీతి. ఆ దైవభీతితో లేచి నిలబడే నేరస్తుడు మన న్యాయస్థానాల్లో ఎంతమందికి దొరుకుతాడు? దొరకనప్పుడు ఆ నిరపరాధిని కాపాడవలసింది ఓపికతో కూడిన విచారణే.

దైవప్రవక్త (స) స్వయంగా తన గురించి, తాను మానవుణ్ణేనని, వాదులలో ఒకరు మరొకరి కంటే చాకచక్యంగా మాట్లాడవచ్చునని, తాను విన్నదాన్ని బట్టి తీర్పు చెబుతానని హెచ్చరించిన విషయం బుఖారీలో ఉంది. హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు న్యాయాధికారిగా పంపేటప్పుడు ఆయనకిచ్చిన ఉపదేశం, ఒక పక్షం మాట విన్నట్లే రెండో పక్షం మాట కూడా వినేంతవరకు తీర్పు చెప్పవద్దని. అనుమానం ఉన్నచోట హుదూద్ శిక్షలను నిలిపివేయాలన్న సూత్రాన్ని నాలుగు మజ్‌హబుల పండితులూ అంగీకరించారు. క్షమించడంలో పొరబడటం శిక్షించడంలో పొరబడటం కంటే మేలన్నది వారి బోధ.

షరీఅత్ శిక్షలు కఠినమైనవే. కాని ఆ శిక్షలకు ముందు అది నిలబెట్టిన సాక్ష్యపు గోడలు అంతకంటే ఎత్తైనవి. గోడలను వదిలేసి కత్తిని మాత్రమే అడిగేవారు షరీఅత్‌ను అడుగుతున్నట్లు కాదు.

అలాగని ఇస్లాం బాధితురాలిని చిన్నచూపు చూసిందని ఎవరూ అపోహపడరాదు. బలాత్కారానికి గురైన స్త్రీపై పాపమూ లేదు, శిక్షా లేదు. ఈ విషయంలో ధర్మపండితుల మధ్య భిన్నాభిప్రాయం లేదు. అందులూసియాకు చెందిన మాలికీ పండితుడు ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ, స్త్రీ మానంపై బలవంతంగా దాడి చేయడాన్ని దారిదోపిడీతో సమానమైన నేరంగా, అంతకంటే హీనమైనదిగా కూడా పరిగణించారు. నేరం ఎంత తీవ్రమైనదైతే దాన్ని మోపే వేలు అంత జాగ్రత్తగా ఉండాలి.

తెనాలి తల్లి

ఇదంతా పదునాలుగు శతాబ్దాల నాటి మాట అనుకునేవారి కోసం మన గడ్డపైనే జరిగిన ఒక ఉదంతాన్ని గుర్తుచేస్తాము. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక వసతిగృహంలో తెనాలికి చెందిన ముస్లిం విద్యార్థిని ఒకరు అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. ఆమె పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. అయినా మేము రాయము. బాధితురాలి పేరును కాపాడటం చట్టమూ కోరుతోంది, మర్యాదా కోరుతోంది.

ఆ రోజుల్లోనూ ప్రజాగ్రహం పెల్లుబికింది. నేరస్తుణ్ణి పట్టుకోవాలని పోలీసులపై ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో ఒక నిరుపేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడలోని న్యాయస్థానం అతణ్ణి దోషిగా తేల్చింది. ఆ బిడ్డ తల్లి మాత్రం మొదటి నుంచీ ఇతడు నేరస్తుడు కాడనే చెబుతూ వచ్చింది. కడుపుకోతతో ఉన్న తల్లికి ఒక దోషిని అందించి, ఇక చాలు అని ప్రపంచమంతా చెబుతుంటే, ఆమె దాన్ని తీసుకోలేదు. తన బిడ్డకు న్యాయం పేరుతో మరొక తల్లి బిడ్డకు అన్యాయం జరగడానికి ఒప్పుకోలేదు.

2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు దర్యాప్తు తీరును తప్పుబట్టి, ఆ యువకుణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి అతడు జైలులో ఎనిమిదేళ్లకు పైగా గడిపాడు. నరాల వ్యాధితో నడవలేని స్థితిని కూడా అనుభవించాడు. 2018లో హైకోర్టు ఈ కేసును సిబిఐకి అప్పగించింది. 2019 డిసెంబరు 14న తెనాలిలో ఆ బిడ్డ సమాధిని తెరిచి, అవశేషాలకు మళ్లీ పరీక్షలు జరిపారు. మరణించిన వ్యక్తి సమాధికి మన ధర్మంలో ఎంతటి గౌరవం ఉందో పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. పన్నెండేళ్ల తర్వాత ఆ మట్టిని కదిలించవలసి రావడం ఆ తల్లిదండ్రులకు ఎంతటి పరీక్షో ఊహించండి.

ఆ తేదీని మరొకసారి చూడండి. డిసెంబరు 14. అంతకు ముందురోజే శాసనసభలో ఇరవై ఒక్క రోజుల బిల్లు ఆమోదం పొందింది. తొలి దర్యాప్తు సక్రమంగా లేనందువల్ల ఒక సమాధిని తవ్వుతున్న రోజుకు ఒక్కరోజు ముందు, ఏడు రోజుల్లో దర్యాప్తు ముగించాలన్న శాసనానికి సభలో చప్పట్లు మోగాయి. 2010 నాటికే ఆ బిల్లు చట్టమై, ఆ న్యాయస్థానం మరణశిక్ష వేసి ఉంటే, హైకోర్టు మూడు నెలల్లో అప్పీలు ముగించవలసి ఉండేది. నిర్దోషి అన్న తీర్పుకు రావడానికి హైకోర్టుకు పట్టిన ఏడేళ్ల కాలం ఆ యువకునికి దక్కేదా? ఏడేళ్లు పట్టడం సరైనదని మేము అనడం లేదు. అది కూడా అన్యాయమే. అయితే ఆ ఆలస్యం ఒక మనిషి జీవితంలో కొన్ని ఏళ్లను హరించింది. ఉరితాడు హరించేదాన్ని ఏ హైకోర్టూ తిరిగి ఇవ్వలేదు.

పూలు చల్లిన చేతులు

చటాన్‌పల్లి కాల్పుల విషయానికి వద్దాము. దానిపై విచారణకు సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో సంఘాన్ని నియమించింది. 2022లో బయటికి వచ్చిన ఆ సంఘం నివేదిక, పోలీసులు చెప్పిన కథనం నమ్మదగినది కాదని, నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని పేర్కొంది. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండనివారని కూడా తేల్చింది. పది మంది పోలీసు అధికారులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది.

ఆ నలుగురిలో ఒకరిది ముస్లిం పేరు కావడంతో నేరమంతటికీ మతం రంగు పులిమే ప్రయత్నం సామాజిక మాధ్యమాల్లో సాగింది. దాంతో మనలో కొందరు తలదించుకున్నారు, మరికొందరు మన దేశభక్తిని నిరూపించుకోవాలన్నట్లుగా ఎన్‌కౌంటరును అందరికంటే గట్టిగా పొగిడారు. రెండూ సరికాదు. నేరం చేసినవాడు ఎవడైనా నేరస్తుడే. అతడు మనవాడని దాచిపెట్టడం కూడా పాపమే.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిసా అధ్యాయం 105వ ఆయతు నుంచి వచ్చే వాక్యాల నేపథ్యాన్ని వ్యాఖ్యాతలు ఇలా వివరించారు. మదీనాలో ముస్లింగా చలామణి అవుతున్న ఒకడు కవచం దొంగిలించాడు. అతని బంధువర్గం దొంగతనాన్ని ఒక యూదునిపైకి నెట్టి, తమవాణ్ణి వెనకేసుకొచ్చింది. అప్పుడు అల్లాహ్ ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరిస్తూ ఆ యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడిచేశాడు. ముస్లింలపై యూదు వర్గాల కుట్రలు సాగుతున్న రోజుల్లోనే ఒక యూదుని పక్షాన ఖుర్‌ఆన్ అవతరించింది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని అల్‌మాయిదా అధ్యాయం 8వ ఆయతు బోధించేది కూడా ఇదే.

విచారణ లేని శిక్ష ఎప్పుడూ ముందుగా బలహీనుల గుమ్మమే తొక్కుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత హైదరాబాదు పాతబస్తీ యువకులు ఎందరినో అదుపులోకి తీసుకున్నారు. వారిలో పలువురు హింసకు గురై, ఆ తర్వాత న్యాయస్థానాల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ రోజు జనాగ్రహమే తీర్పరి అయి ఉంటే వారి గతి ఏమయ్యేది? న్యాయస్థానమే వారిని ఇంటికి పంపింది. ఆ రక్షణ మన బిడ్డలకు కావాలనుకునేవారు ఇతరుల బిడ్డలకు కూడా కోరుకోవాలి.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

అయితే బాధితురాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసిందేనా అని ప్రశ్నించవచ్చు. అక్కరలేదు. బిల్లులోని గడువు కంటే ముందు ఆలస్యం ఎక్కడ పుడుతున్నదో చూడాలి. శంషాబాద్ ఘటన జరిగిన రాత్రి ఆ యువతి కుటుంబం ఠాణాకు వెళితే, ఈ ప్రాంతం మా పరిధిలోకి రాదంటూ విలువైన సమయం వృథా చేశారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండు అయ్యారు. నేరం సమాచారం అందగానే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే స్పష్టం చేసింది. ఆ రాత్రి లోపించింది ఉరిశిక్ష కాదు. అప్పటికే ఉన్న నియమం ప్రకారం కలం తీసి కాగితంపై రాసే చేయి లోపించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పరిధితో నిమిత్తం లేకుండా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు స్వీకరించాలని చెబుతోంది. దీన్ని ప్రజలు సాధారణంగా జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఈ హక్కును మన ఇంటి ఆడవారందరూ తెలుసుకొని ఉండాలి.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం నెల రోజుల్లోనే నివేదిక ఇచ్చింది. దేశమంతా ఉరి కోరుతున్న సమయంలోనూ ఆ సంఘం అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. పోలీసు సంస్కరణలను, బాధితురాలి పట్ల వ్యవస్థ ప్రవర్తించే తీరులో మార్పును కోరింది. నమూనాలు పరీక్షించే ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, తగినంతమంది న్యాయమూర్తులు, బెదిరింపుల నుంచి సాక్షులకు రక్షణ, చికిత్సకూ జీవనానికీ సత్వర పరిహారం: ఇవి ఉంటే గడువులు వాటంతటవే తగ్గుతాయి. ఇవి లేకుండా గడువు మాత్రమే తగ్గిస్తే, గడువు దాటకుండా ఎవరో ఒకరిని నిలబెట్టాలన్న తొందర పుడుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి)కి న్యాయపాలన గురించి రాసిన ప్రసిద్ధ లేఖను మదర్సాల్లో తరతరాలుగా చదువుతున్నాము. సాక్ష్యం తెచ్చుకోవడానికి సమయం కోరినవారికి గడువు ఇవ్వమని, నిన్న ఇచ్చిన తీర్పులో పొరబాటు కనిపిస్తే సత్యం వైపు మరలడానికి సంకోచించవద్దని, విసుగును, చిరాకును దరిచేరనివ్వవద్దని ఆయన అందులో ఉపదేశించారు. ఆయన దృష్టిలో గడువు అన్నది సత్యం కోసం ఇచ్చేది.

మన ఇళ్లలో, మా మదర్సాల్లో

అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి పరిచితుడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, పని ఇచ్చినవాడు, చదువు చెప్పేవాడు. ఇంటివాడికి ఉరి పడుతుందని తెలిస్తే ఆ ఇంట్లో ఎంతమంది నోరు విప్పుతారు? బిడ్డ నోటినే మూయిస్తారు. ఈ ఒక్క విషయంలో శాసనసభ కంటే మన వరండాలకు ఎక్కువ బాధ్యత ఉంది.

మా వర్గాన్ని కూడా మేము మినహాయించుకోము. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలి. అది మదర్సా ఉపాధ్యాయునికీ వర్తిస్తుంది, కమిటీ పెద్దలకూ వర్తిస్తుంది. సంస్థ పరువు పోతుందని విషయాన్ని గదిలో రాజీ చేసి, ఉస్తాదును మరో ఊరికి పంపించి చేతులు దులుపుకోవడం చట్టం దృష్టిలో నేరం, అల్లాహ్ దృష్టిలో ఖియానత్. ఉన్నత కుటుంబానికి చెందిన స్త్రీ దొంగతనం చేసినప్పుడు సిఫారసుకు వచ్చినవారిపై దైవప్రవక్త (స) ఎంతగా ఆగ్రహించారో మనకు తెలుసు. పూర్వ జాతులు గొప్పవాణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించినందువల్లనే నాశనమయ్యాయని ఆయన హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా (రజి) అయినా సరే మినహాయింపు లేదన్నారు. ఆ హదీసును పాఠం చెప్పే నోటితోనే మన సంస్థల్లోని తప్పును కప్పిపుచ్చలేము.

కనుక పాఠక కుటుంబాలకు మా విన్నపం ఇది. బిడ్డ ఏదైనా చెప్పడానికి వస్తే ముందు వినండి, నమ్మండి, ఎవరికీ చెప్పవద్దని బెదిరించకండి. పిల్లల కోసం 1098కి, మహిళల కోసం 181కి, అత్యవసరంలో 112కి ఫోన్ చేయవచ్చునని ఇంట్లో అందరికీ తెలియజేయండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం అందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి. కొడుకులకు చూపు దించుకోవడం నేర్పండి. అన్నూర్ అధ్యాయంలో ఆ ఆదేశం మొదట పురుషులకే వచ్చింది. బాధితురాలి ఫోటో, పేరు, వీడియో మీ ఫోనుకు వస్తే ముందుకు పంపకండి. ఎవరినైనా నేరస్తుడని చూపే సందేశం వస్తే, నిజానిజాలు తేల్చుకోకుండా నమ్మవద్దన్న అల్‌హుజురాత్ అధ్యాయపు ఆదేశాన్ని గుర్తుచేసుకోండి.

మళ్లీ ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది. ఆ వారంలో ఒక బిల్లు రావచ్చు. అప్పుడు మీ శాసనసభ్యుణ్ణి కలిసి, మన ఠాణాలో రాత్రివేళ ఫిర్యాదు తీసుకునే మహిళా సిబ్బంది ఉన్నారా, ఫోరెన్సిక్ నివేదిక ఎన్నాళ్లకు వస్తోంది, ప్రత్యేక న్యాయస్థానంలో న్యాయమూర్తి కుర్చీ నిండి ఉందా అని అడగండి. ఈ ప్రశ్నలకు సభలో చప్పట్లు మోగవు. కాని వీటికి జవాబు దొరికిన చోట ఒక బిడ్డకు సత్వరంగా, ఒక నిరపరాధిని బలిచేయకుండా, న్యాయం దొరుకుతుంది. తెనాలి తల్లి అడిగింది అదే.

ఓ అల్లాహ్! మా ఆడబిడ్డల మానప్రాణాలను కాపాడు. పీడితులకు న్యాయం చేకూర్చు. పాలకుల హృదయాల్లో నీ భయాన్ని నింపు. కోపంలోనూ సత్యాన్నే పలికే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.